ముందు స్ట్రింగు చూపించరా

ఎర్రర్ వచ్చిందంటే చాలు, ఈ కాలం పిల్లలు తెర మీది అక్షరాలు చదవకుండానే ఫొటో తీసి ఏఐకి పంపిస్తారు. అది పేజీడు జవాబిస్తుంది. దాన్నీ చదవరు. అందులో కోడు ముక్క ఎక్కడుందో వెతికి తెచ్చి అతికిస్తారు. మళ్ళీ ఎర్రరు, మళ్ళీ ఫొటో. మా అక్క మనవడిదీ ఇదే బాపతు. రేపల్లెలో ఓ రొయ్యల వ్యాపారి దగ్గర లెక్కల సాఫ్ట్‌వేర్ చూస్తుంటాడు. నిజాంపట్నం హార్బర్‌లో వాళ్ళ కాటా ఒకటుంది కాబట్టి వారానికో రెండుసార్లు మా ఊరొస్తాడు. వచ్చినప్పుడల్లా ఒకటే పాట: "తాతయ్యా, క్వెరీ పనిచెయ్యట్లేదు."

"ఏదీ, క్వెరీ చూపించు" అంటాను. వాడు ల్యాప్‌టాప్ తిప్పి కోడు చూపిస్తాడు.

కోడు కాదురా నాయనా. క్వెరీ!

ఈ ఒక్క తేడా చెప్పలేక నా గొంతు పోతోంది. ప్రోగ్రాములో మనం రాసేది క్వెరీ కాదు, క్వెరీని తయారుచేసే సరంజామా. ఇక్కడో ముక్క, అక్కడో ముక్క, మధ్యలో టెక్స్ట్ బాక్సులోంచి లాగిన బోటు పేరు, క్యాలెండర్ లోంచి లాగిన తేదీ, అన్నిటినీ ఆంపర్‌సాండ్ గుర్తుతో అతికిస్తే చివరికి ఒక వాక్యం పుడుతుంది. డేటాబేసుకి అందేది ఆ వాక్యం ఒక్కటే. మనం దాన్ని ఎంత అందంగా అతికించామో, ఎన్ని కామెంట్లు రాశామో దానికి అక్కర్లేదు. తప్పు ఉంటే ఆ వాక్యంలో ఉంటుంది. ఆ వాక్యాన్ని కళ్ళతో చూడకుండా, దాన్ని పుట్టించిన కోడు ముందు గంటల తరబడి కూర్చుంటే ఏం కనిపిస్తుంది?

మా రోజుల్లో చూసేవాళ్ళం. చూడక గతి లేదు. ఇంటర్నెట్టా, పాడా? ఆర్.కె. తక్సాలీ రాసిన ఫాక్స్‌ప్రో పుస్తకం ఒకటి, గుంటూరు వెళ్ళొచ్చినవాళ్ళు తెచ్చిన జిరాక్సు కాగితాలు కొన్ని, పక్కన 132 కాలమ్‌ల కాగితం మింగుతూ కీచుమనే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు. అంతే ఆస్తి. హార్బర్ చుట్టుపక్కల ఐస్ ఫ్యాక్టరీల లెక్కలు, బోట్లకిచ్చిన డీజిలు అడ్వాన్సులు, రొయ్యల కౌంటు వారీ కొనుగోళ్ళు, కిలోకి ముప్పై తూగిందా నలభై తూగిందా అన్నదాన్నిబట్టి ధర, ఇవన్నీ వాటి మీదే నడిచాయి.

ఫాక్స్‌ప్రో గురించి ఒక్క మాట చెప్పుకోవాలి. 1992లో మైక్రోసాఫ్ట్ దాన్ని తయారుచేసిన కంపెనీని కొనేసింది. 2004లో వచ్చిన తొమ్మిదో విజువల్ ఫాక్స్‌ప్రోతో దానికి మంగళం పాడేసింది. కానీ మర్యాద తెలిసిన భాష. అక్షరాల స్ట్రింగుని ఒంటి కొటేషన్లో పెట్టు, జంట కొటేషన్లో పెట్టు, చదరపు బ్రాకెట్లో పెట్టు, దేనికైనా సరే అనేది. సెట్ డేట్ బ్రిటిష్ అని ఒక్క ముక్క రాస్తే చాలు, మనం తేదీ ఎలా రాస్తామో అలాగే రోజు ముందు, నెల తరవాత చదివేది. ఆ తరవాత అందరూ విజువల్ బేసిక్ వెనకాల, ఆక్సెస్ వెనకాల పడ్డారు. ఆక్సెస్ కింద ఉండే జెట్ ఇంజినుకి ఆ మర్యాదలేం లేవు. తేదీకి హ్యాష్ గుర్తు, అక్షరాలకి కొటేషన్, అంకెలకి ఏమీ లేదు. ఒకదాని బట్ట ఇంకోదానికి తొడిగితే ఒప్పుకోదు. అసలు ఈ క్వెరీలు రాసే ఎస్‌క్యూఎల్ అనే భాష పుట్టిందే గుమాస్తా కూడా తనకు కావలసింది తనే అడుక్కోవాలని. 1974లో ఐబీఎంలో చాంబర్లిన్, బాయిస్ అనే ఇద్దరు దాన్ని తయారుచేశారు. మామూలు ఇంగ్లీషు వాక్యంలాగా ఉండాలనే సెలెక్ట్, ఫ్రమ్, వేర్ అని పెట్టారు. ఆ వాక్యాన్ని ప్రోగ్రాము లోపల ముక్కలు ముక్కలుగా కోసి మళ్ళీ కుట్టే పని మాత్రం మాలాంటివాళ్ళ నెత్తిన పడింది.

కుట్టు తప్పితే ఏమవుతుందో చెబుతాను. పొడుగాటి క్వెరీని ఒక్క లైన్లో రాయలేం కాబట్టి అండర్‌స్కోర్ పెట్టి కింది లైన్లోకి దిగుతాం. విజువల్ బేసిక్ అలా 24 సార్ల కంటే ఎక్కువ దిగనివ్వదు, అది వేరే ఏడుపు. పై లైను "ఫ్రమ్ బిల్స్" అని ముగుస్తుంది, కింది లైను "వేర్" అని మొదలవుతుంది. మధ్యలో ఖాళీ పెట్టడం మర్చిపోతే జెట్‌కి అందేది "బిల్స్‌వేర్". కోడులో చూస్తే రెండూ వేర్వేరు లైన్లలో ముచ్చటగా విడివిడిగా ఉంటాయి. ఎంతసేపు చూసినా తప్పు కనపడదు. స్ట్రింగుని ప్రింటు చేస్తే అరక్షణంలో కనపడుతుంది.

దానికి మాకున్న మంత్రం డీబగ్ డాట్ ప్రింట్. కంట్రోల్ జీ కొడితే కింద ఇమ్మీడియట్ విండో తెరుచుకుంటుంది. క్వెరీని నడిపే లైనుకి ముందు బ్రేక్ పాయింటు పెట్టు, స్ట్రింగు ప్రింటు చెయ్యి, దాన్ని కాపీ చేసి ఆక్సెస్‌లో ఖాళీ క్వెరీ తెరిచి అతికించి నడుపు. అక్కడ నడిస్తే వాక్యం బాగానే ఉన్నట్టు, జబ్బు ఇంకెక్కడో ఉన్నట్టు. నడవకపోతే ఎక్కడ మింగుడు పడలేదో ఆక్సెసే చూపిస్తుంది. ఈ పద్ధతికీ ఒక చిల్లు ఉంది లెండి. బోటు రిజిస్ట్రేషన్ నంబరు ఐఎన్‌డి ఏపీ అని మొదలయ్యేవన్నీ కావాలంటే ఆక్సెస్‌లో లైక్ పక్కన నక్షత్రం గుర్తు పెట్టాలి. అదే క్వెరీ ప్రోగ్రాములోంచి ఏడీఓ అనే వారధి ద్వారా పంపితే నక్షత్రం పనికిరాదు, శాతం గుర్తు కావాలి. ఆక్సెస్‌లో అతికిస్తే బోట్లన్నీ వరసగా వస్తాయి, ప్రోగ్రాములో మాత్రం సున్నా. ఎర్రర్ కూడా రాదు. ఆ సున్నా చూసి జుట్టు పీక్కున్నవాళ్ళని నేనెరుగుదును.

ఎర్రర్ నంబర్ల సంగతి. మా ఊళ్ళో పుట్టినవాడికి నంబరంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. హార్బర్‌లో ఒకటో నంబరు ఎగరేస్తే దూరంగా సముద్రంలో వాయుగుండం పడిందని, మూడు ఎగరేస్తే రేవు దగ్గరే ఈదురుగాలులని, పది ఎగరేస్తే తుపాను మన నెత్తి మీదికే వస్తోందని బడి పిల్లలకి కూడా తెలుసు. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు హార్బర్‌లో ఏ నంబరు ఉందో ఎవరినడిగినా చెబుతారు. జెట్ నంబర్లూ మాకు అలాగే నోటికొచ్చేవి. 3075 అంటే వాక్యం మధ్యలో విరిగింది, కొటేషన్ చూసుకో. 3061 అంటే నువ్వు రాసిన పేర్లలో ఒకటి దానికి తెలియదు, అది నువ్వివ్వాల్సిన పారామీటరేమో అనుకుంటోంది, స్పెల్లింగ్ చూసుకో, లేదా అక్షరాలకి కొటేషన్ పెట్టావో లేదో చూసుకో. 3464 అంటే అంకెల గడికి అక్షరాలు పంపావు. ఆ తరవాత ఏడీఓ వచ్చి మైనస్ 2147217900 అనే నంబరు పట్టుకొచ్చింది. సింటాక్స్ తప్పైనా అదే, ఇంకో పది రకాల గోలకీ అదే. రేవు హెచ్చరికల్లో పదకొండో నంబరని ఒకటుంది, హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని అర్థం. ఏడీఓ నంబరు చూసినప్పుడల్లా నాకు అదే గుర్తొచ్చేది.

ఇక అపాస్ట్రఫీ. అమెరికా పుస్తకాలన్నీ ఒబ్రయన్ అనే పేరుతో ఈ పాఠం చెబుతాయి. మన తీరంలో ఒబ్రయన్‌లు లేరు కదా, మనకేం ఇబ్బంది అనుకున్నారు కొందరు. బోట్ల పేర్లు చూశారా వాళ్ళు? గంగమ్మ తల్లి పేరున్న బోటు పక్కనే ఇంగ్లీషులో గాడ్స్ గిఫ్ట్ అని రాసుకున్న బోటు ఉంటుంది. అందులో డి తరవాత తోక గుర్తు ఒకటుందే, అదే ఒంటి కొటేషన్. జెట్ చదువుకుంటూ వచ్చి గాడ్ దగ్గర కొటేషన్ ముగిసిందనుకుంటుంది. మిగిలిన తోకేమిటో అర్థం కాక 3075 అని అరుస్తుంది. మిగతా బోట్లన్నిటికీ బిల్లు వస్తుంది, దేవుడిచ్చిన బోటుకి మాత్రం రాదు. దానికి మందు ఒకటే: ఒంటి కొటేషన్ ఉన్నచోట రెండు పెట్టాలి. అందుకు పనికొచ్చే రీప్లేస్ అనే ఫంక్షన్ 1998లో విజువల్ బేసిక్ ఆరో వెర్షన్‌తో వచ్చింది. అయిదులో పనిచేసినవాళ్ళు అక్షరం అక్షరం లెక్కపెట్టుకుంటూ సొంతంగా రాసుకున్నారు. అదే ఏడాది డిసెంబరులో అమెరికాలో ఫ్రాక్ అనే హ్యాకర్ల పత్రికలో ఒకతను ఇదే కొటేషన్ సందులోంచి డేటాబేసులోకి ఎలా దూరవచ్చో రాశాడు. ప్రపంచమంతా ఆ తరవాత దాన్ని ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ అని పేరు పెట్టి భయపడింది. మా హార్బర్‌లో దాన్ని ఏ దొంగా చెయ్యక్కర్లేకపోయింది, పెయింటరే చేశాడు.

కామా కూడా అంతే. గుమాస్తా లక్షా పాతికవేలు అనే మొత్తాన్ని తనకలవాటైనట్టు 1,25,000 అని కొడతాడు. దాన్ని కామాలు తియ్యకుండా ఇన్సర్ట్ వాక్యంలో పెడితే జెట్‌కి అవి మూడు వేర్వేరు విలువలు. ఒకటి, ఇరవై అయిదు, సున్నా. గళ్ళు ఇన్ని, విలువలు అన్ని, లెక్క కుదరలేదు పొమ్మంటుంది. సరే, అక్కడైనా పొమ్మంటుంది కాబట్టి నష్టం లేదు.

పొమ్మనకుండా నవ్వుతూ తప్పు జవాబిచ్చేది తేదీ. అసలు నేను ఈ వయసులో ఇంత గొంతు చించుకోవడానికి కారణం అదే. హ్యాష్ గుర్తుల మధ్య ఏ తేదీ పెట్టినా జెట్ దాన్ని అమెరికా పద్ధతిలో నెల ముందు, రోజు తరవాత అని చదువుతుంది. మన కంప్యూటరేమో భారతదేశపు సెట్టింగులో రోజు ముందు రాస్తుంది. ఆ తేదీని ఉన్నదున్నట్టు స్ట్రింగులో అతికిస్తే ఏప్రిల్ 5 కాస్తా మే 4 అయి కూర్చుంటుంది. మరి ఏప్రిల్ 14 అయితే? పద్నాలుగో నెల లేదు కాబట్టి జెట్ పెద్దమనసు చేసుకుని, "ఓహో, ఏప్రిల్ 14 కాబోలు" అని సరిగ్గానే చదువుకుంటుంది. అంటే నెలలో మొదటి పన్నెండు రోజుల్లో పదకొండు తప్పు (రోజు, నెల అంకె ఒకటైన తేదీ ఒక్కటే బతికిపోతుంది), మిగతా రోజులన్నీ ఒప్పు. ఇంత దుర్మార్గమైన సాయం ఇంకెవరూ చెయ్యరు.

దీని ఫలితం మా ఊళ్ళో కళ్ళారా చూశాను. అప్పట్లో వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలై మే 31తో ముగిసేది. 2015 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు చేశారు. నిషేధానికి ముందు బోట్ల లెక్కలన్నీ తేల్చుకోవడం ఆనవాయితీ. ఓ షావుకారు కోసం బయటినుంచి వచ్చిన కుర్రాడొకడు కొత్త ప్రోగ్రాము రాశాడు. జనవరి నుంచి ఉన్న రశీదులన్నీ ఎక్కించాడు. మార్చి రెండో పక్షం లెక్కలు తీసి చూపించాడు, కాగితం లెక్కతో పైసా తేడా లేదు. అందరూ భేష్ అన్నారు. తరవాత ఏప్రిల్ ఒకటి నుంచి పద్నాలుగు దాకా డీజిలు లెక్క తీస్తే ఒక్కో బోటుకీ తడిసి మోపెడంత వచ్చింది. ఏప్రిల్ ఒకటిని జెట్ జనవరి నాలుగుగా చదివింది, పద్నాలుగుని సరిగ్గా చదివింది. మూడు నెలల పైబడిన డీజిలంతా రెండు వారాల లెక్కలో పడింది. కంప్యూటర్ ఇచ్చిన లెక్క కదా, తప్పెలా అవుతుందని గుమాస్తా వాదన. ఒక బోటు యజమాని, సంతకం కూడా పెట్టలేడు, వేలిముద్రే, వేళ్ళ కణుపుల మీద డ్రమ్ములు లెక్కపెట్టి "ఇంత నూనె నా బోటు తాగదు బాబూ, నేనే తాగానేమో అడుగు" అన్నాడు. ఆ కుర్రాడు రెండు రోజులపాటు కోడంతా తిరగేశాడు. కూడికలు చూశాడు, టేబుళ్ళు చూశాడు. స్ట్రింగుని ప్రింటు చేసి ఆ హ్యాష్ గుర్తుల మధ్య ఏముందో చూసుంటే టీ చల్లారేలోగా తేలేది. తేదీని ఏడాది, నెల, రోజు వరసలో ఫార్మాట్ చేసి పంపితే జెట్‌కి ఇంక తికమకే లేదు. దిద్దాల్సింది ఆ ఒక్క లైనే.

తేదీల గొడవ మా రేవుకి కొత్త కాదనుకోండి. 1606లో డచ్చివాళ్ళు ఇక్కడ వర్తక స్థావరం పెట్టారు. 1611లో గ్లోబ్ అనే ఓడలో ఇంగ్లీషువాళ్ళు వచ్చారు. వాళ్ళు పేటపోలి అన్నది మా ఊరినే. హాలండు వర్తకులది అప్పటికే కొత్త గ్రెగోరియన్ క్యాలెండర్. ఇంగ్లండుది ఇంకా పాత జూలియన్, 1752 దాకా వాళ్ళు మారలేదు. కాబట్టి ఒకే రేవులో, ఒకే ఉదయం, ఒకే రంగు బట్టల మూట గురించి ఇద్దరు రాసుకుంటే తేదీల్లో పది రోజుల తేడా. పాపం వాళ్ళకి ఫార్మాట్ ఫంక్షన్ లేదు.

మా కాలంలో అందరూ మహానుభావులే అని నేననను. ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్ అనే లైనొకటి ఉండేది. తప్పు వస్తే నోరు మూసుకుని తరవాతి లైనుకి పొమ్మని దానర్థం. ప్రతి ప్రొసీజర్ నెత్తిన దాన్ని పెట్టి, "మా ప్రోగ్రాములో ఎర్రర్లే రావండీ" అని చెప్పుకు తిరిగిన ఘనులు మా తరంలోనే ఉన్నారు. ఇన్సర్ట్ జరగదు, సేవైందని మెసేజీ మాత్రం వస్తుంది. పాస్‌వర్డ్ అనేది జెట్ తనకోసం అట్టేపెట్టుకున్న మాట. ఆ పేరుతోనే కాలమ్ పెట్టి, చదరపు బ్రాకెట్లు తొడగకుండా ఇన్సర్ట్ రాసి, కొత్త యూజర్లు ఎందుకు చేరట్లేదో తెలియక పాతవాళ్ళ పేరుతోనే ఆఫీసంతా లాగిన్ అవుతూ ఏళ్ళు గడిపేసిన చోట్లూ ఉన్నాయి. ఎస్‌క్యూఎల్ తెలుసని చెప్పుకుంటూ స్ట్రింగుని ఒక్కసారైనా చూడనివాళ్ళు అన్ని కాలాల్లోనూ ఉన్నారు. ఇప్పుడు వాళ్ళకి పనిముట్లు ఎక్కువయ్యాయి, అంతే.

మా మనవడి సంగతికొస్తాను. వీడు లారావెల్ అనే ఫ్రేమ్‌వర్క్‌లో పనిచేస్తాడు. వీడు క్వెరీ రాయడు. బాణం గుర్తులు వేసి ఒకదాని వెంట ఒకటి ఫంక్షన్లు పిలిస్తే అదే రాస్తుందిట. "మరి అది ఏం రాసిందో చూపించు" అని పట్టుబడితే టు ఎస్‌క్యూఎల్ అనే దాన్ని పిలిచి చూపించాడు. వాక్యమైతే ఉంది. విలువలుండాల్సిన చోటల్లా ప్రశ్నార్థకాలు!

"బోటు పేరేదిరా? తేదీ ఏదిరా?"

"అవి వేరేగా వెళ్తాయి తాతయ్యా. బైండింగ్స్."

"అయితే అవీ ప్రింటు చెయ్యి."

విసుక్కుంటూ చేశాడు. వాడి గోలేమిటంటే, రోజువారీ కొనుగోలు రిపోర్టులో తెల్లవారుజామున దిగిన సరుకు కనపడటం లేదు. పొద్దున్న ఎనిమిదింటికి తూచినవి ఉన్నాయి, నాలుగింటికి తూచినవి లేవు. కాటా దగ్గరి మనిషి దొంగతనం చేస్తున్నాడా అని షావుకారుకి అనుమానం కూడా వచ్చేసింది. పాపం, అతను పాతికేళ్ళుగా ఆ కాటా దగ్గర ఉన్నాడు. బైండింగ్స్ చూస్తే తేదీ బాగానే ఉంది, ఏడాది ముందు, నెల తరవాత, ఎవరూ తికమకపడే పని లేదు. అప్పుడు టేబుల్లో ఉన్న వరసలు చూపించమన్నాను. తెల్లవారుజామున నాలుగింటికి తూచిన రొయ్యలు ముందురోజు రాత్రి పదిన్నర అని రాసి ఉన్నాయి. కాన్ఫిగరేషన్‌లో టైమ్ జోన్ యూటీసీ అని ఉంటే దాన్ని ఎవరూ మార్చలేదు. మన టైముకీ దానికీ అయిదున్నర గంటల తేడా. పొద్దున్న అయిదున్నర లోపు హార్బర్‌లో దిగిన సరుకంతా నిన్నటి ఖాతాలో పడుతోంది. బోట్లు ఒడ్డుకొచ్చే వేళ అదే కదా!

మా రోజుల్లో పదకొండు రోజులు తప్పు, మీ రోజుల్లో అయిదున్నర గంటలు తప్పు. బాగుపడ్డారు, ఒప్పుకుంటున్నాను.

వాడి ఏఐ అప్పటికి మూడు రకాల క్వెరీలు రాసిచ్చింది, మూడూ వ్యాకరణం ప్రకారం శుద్ధంగా ఉన్నాయి. దానికి మాత్రం ఏం తెలుసు, నిజాంపట్నంలో బోట్లు ఎన్నింటికి వస్తాయో? వీడు దానికి చెప్పలేదు. వీడికీ తెలియదు, ఎనిమిదింటికి లేస్తాడు.

సరే, ఆ ప్రశ్నార్థకాల సంగతి. వాటి మీద నాకున్నది కోపం కాదు. విలువని వాక్యంలో కలపకుండా విడిగా పంపితే గాడ్స్ గిఫ్ట్ తోక ఎక్కడా గుచ్చుకోదు, లక్షా పాతికవేలు మూడు ముక్కలవదు, తేదీని అమెరికావాడు తిరగెయ్యడు. మంచిదే. కాకపోతే ఇదేదో వీళ్ళ తరం కనిపెట్టినట్టు మాట్లాడితేనే ఒళ్ళు మండుతుంది. పారామీటర్ క్వెరీలు ఆక్సెస్‌లో ఉన్నాయి, ఏడీఓలో కమాండ్ ఆబ్జెక్టుకి పారామీటర్లు తగిలించే ఏర్పాటు ఉంది. 2008లో మైక్రోసాఫ్ట్ విజువల్ బేసిక్ ఆరుని గాలికొదిలేసినా, ఆ ప్రోగ్రాములు ఈనాటి విండోస్‌లో కూడా నడుస్తూనే ఉన్నాయి. కావాలంటే మా ఊరి ఐస్ ఫ్యాక్టరీకొచ్చి చూసుకోమను.

ఇదంతా విని వాడు కాసేపు బుర్ర గోక్కున్నాడు.

"అన్నీ అప్పుడే ఉంటే మరి మీరెందుకు వాడలేదు తాతయ్యా? ఈ అతుకుల గోలంతా ఉండేది కాదుగా."

"ఒక్కో పారామీటరుకీ ఒక్కో లైను ఎక్కువ కొట్టాలిరా. అప్పట్లో మాకు రోజుకి ఆరుసార్లు కరెంటు పోయేది."